ముసురు పట్టక ముందే గిటార్ ఫ్రెట్‌బోర్డు సంగతి చూడండి

ఫ్రెట్‌బోర్డుకు, అంటే గిటార్ మెడ మీద వేళ్లతో తీగలు నొక్కే చెక్కపలకకు, తరచూ నూనె పట్టించమనే సలహా ఎక్కువగా చలిదేశాల నుంచి వస్తుంది. అక్కడ శీతకాలంలో హీటర్ల వేడికి గది గాలి ఎండిపోయి చెక్క ముడుచుకుంటుంది. అమలాపురంలోనో నరసాపురంలోనో ఆ బెడద తక్కువ. ఇక్కడి చెక్కకు పట్టే జబ్బులు చెమట, తేమ, తీరం దగ్గరైతే ఉప్పుగాలి. అందుకే మనం ఎక్కువగా తుడవాలి, నూనె తక్కువగా వాడాలి.

మృగశిర కార్తె ప్రవేశించే లోపు, పడమటి గాలి వీచే పొడి రోజు చూసుకుని ఈ పని పెట్టుకోండి. అలాగని గిటార్‌ను రోహిణి ఎండలో ఉంచకండి. రోళ్లు పగిలే ఆ ఎండకు జిగురు మెత్తబడి, తీగల కింది కొసలను పట్టి ఉంచే బ్రిడ్జి లేచిపోవచ్చు.

బోర్డు లేతరంగులో నున్నగా మెరుస్తుంటే అది పూత వేసిన మేపుల్ చెక్క కావచ్చు. దానికి నూనె అక్కర్లేదు, గట్టిగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. రోజ్‌వుడ్, ఎబొనీ బోర్డులకు సాధారణంగా పూత ఉండదు. చౌక గిటార్లలో మామూలు చెక్కకే నల్లరంగు వేసి ఉండవచ్చు. చివరి ఫ్రెట్ (బోర్డు మీద అడ్డంగా బిగించిన లోహపు కడ్డీ) దగ్గర తెల్లగుడ్డతో రుద్దినప్పుడు రంగు అంటితే పొడిగుడ్డతోనే సరిపెట్టండి.

బోర్డు శుభ్రం చేయాలంటే ముందు తీగలు తీయాలి. కానీ బిగువుగా ఉన్న తీగను ఎప్పుడూ కత్తిరించవద్దు. ఆరు స్టీలు తీగలు కలిసి మెడను సుమారు 70 కిలోల బరువంత బలంతో లాగుతుంటాయి. తెగిన కొస ఎగిరితే కన్ను పోతుంది. మెడ కొసన తీగలు బిగించే కీలు తిప్పి పూర్తిగా వదులు చేశాకే తీయండి.

ఫ్రెట్ల పక్కన పచ్చగా పేరుకునేది చిలుము. సాధారణ ఫ్రెట్లలో రాగి, నికెల్, జింకు ఉంటాయి. చెమట తగిలితే రాగి పచ్చబడుతుంది. పదిమంది చేతులు మారే చర్చి గిటార్‌లో ఇది మరీ ఎక్కువ. మామిడిపండు తిన్న చేతుల సంగతి చెప్పనక్కర్లేదు. పొడి టూత్‌బ్రష్‌తో ఫ్రెట్ వెంబడి రుద్ది, మిగిలిన మురికిని పాత ఏటీఎం కార్డు అంచుతో గీకేయండి. అప్పటికీ వదలకపోతే 0000 రకం స్టీల్‌వూల్ (అతి సన్నని ఉక్కు పీచు)తో చెక్క నార దిశలో మెల్లగా రుద్దాలి. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కంపనాన్ని పట్టే పికప్‌లలో అయస్కాంతాలుంటాయి, ఉక్కు పొడి పట్టుకుంటే వదలదు. ముందే కాగితం టేపుతో కప్పండి. జిడ్డుకు లైటర్ ద్రవం వాడేవాళ్లు కిటికీ తెరిచి, దేవుడి దీపానికి, దోమల చుట్టకు దూరంగా కూర్చోవాలి.

ఇక నూనె. కోనసీమ ఇంట్లో చేయి చాపితే కొబ్బరినూనె అందుతుంది, చేయి చాపకండి. అది ఆరకుండా చెక్క రంధ్రాల్లో నిలిచి, దుమ్మును పట్టి, చివరికి వాసన కొడుతుంది. లెమన్ ఆయిల్ పేరుతో ఫ్రెట్‌బోర్డుకు అమ్మేది చాలావరకు నిమ్మవాసన కలిపిన మినరల్ ఆయిలే. నిమ్మకాయ కోసి రుద్దితే పులుపు ఫ్రెట్లను తినేస్తుంది. మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారాఫిన్ చక్కగా పనికొస్తుంది. మొత్తం బోర్డుకు నాలుగైదు చుక్కలు గుడ్డ మీద వేసుకుని రాసి, పది నిమిషాలాగి, గుడ్డకు ఏమీ అంటనంత వరకు తుడవండి. ఏడాదికి ఒక్కసారి చాలు. అవిసెనూనె వాడితే మాత్రం ఆ గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి, తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. నీళ్లలో ముంచి బయట పరిచి ఆరేయండి.

వానాకాలమంతా వాయించాక తీగలనూ బోర్డునూ పాత నూలుగుడ్డతో తుడవాలి. చెమ్మగోడకు ఆనించకుండా, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో ఉంచండి. గిటార్‌కు 45 నుంచి 55 శాతం తేమ నప్పుతుంది. మన ముసురులో అది 80 దాటడం మామూలే కాబట్టి పొట్లాలను మారుస్తూ ఉండాలి.

రోజంతా ఏసీ నడిచి గాలి ఎండిపోయే గదిలో గిటార్ ఉంచేవాళ్లు మెడ అంచు వెంబడి వేలు నడిపి చూడండి. ఫ్రెట్ల కొసలు గుచ్చుకుంటే చెక్క ముడుచుకుందన్నమాట. అది నూనెతో తీరేది కాదు, గిటార్‌ను ఆ గదిలోంచి తీయాల్సిందే.