నీటి జాడ చెప్పగల గైడుతో పెట్రా, వాది రమ్

జోర్డాన్ దక్షిణ భాగంలో పెట్రా శిథిల నగరానికీ వాది రమ్ ఎడారికీ మధ్య దూరం రోడ్డు మీద రెండు గంటల లోపే కాబట్టి, ఈ రెండింటినీ పెద్ద బస్సులో ఒకటి రెండు రోజుల్లో చుట్టివచ్చేవారు చాలామంది ఉంటారు. అలా వెళ్లినవారికి ఎర్రరాతి కొండల ఫొటోలు పుష్కలంగా దొరుకుతాయి. ఆ ఎండిన నేల మీద నబతీయులు అనే ప్రాచీన అరబ్బు జాతివారు రాజధాని కట్టుకుని, క్రీ.శ. 106లో రోమన్లు తమ సామ్రాజ్యంలో కలుపుకునేదాకా ఎలా నిలిచారన్నది తెలియాలంటే మాత్రం, వానచుక్కను వారు ఎక్కడ పట్టారో, ఎటు మళ్లించారో, ఎక్కడ దాచారో దగ్గరుండి చూపించే మనిషి కావాలి. ఈ యాత్రకు గైడును ఎంచుకునేటప్పుడు నేను పెట్టే పరీక్ష కూడా అదే: రాజుల పేర్ల కన్నా ముందు నీటి సంగతి చెప్పగలడా లేదా అన్నది.

ముందు రోజుల లెక్క చూసుకోవాలి. పెట్రాను ఆనుకుని ఉన్న వాది మూసా పట్టణంలో మూడు రాత్రులు, వాది రమ్‌లో రెండు రాత్రులు ఉండగలిగితే హడావిడి ఉండదు. దేశంలో రాత్రి బస చేసేవారికి పెట్రా టికెట్టు ఒక రోజుకు 50 దినార్లు, రెండు రోజులకు 55, మూడు రోజులకు 60గా ఉంటూ వచ్చింది. అంటే రెండో రోజుకు అదనంగా పడేది ఐదు దినార్లే, కాబట్టి ఒక్కరోజు టికెట్టు కొనడంలో అర్థం లేదు. కనీసం మూడు రాత్రులు దేశంలో గడిపేవారు బయలుదేరక ముందే ఆన్‌లైన్‌లో జోర్డాన్ పాస్ తీసుకుంటే వీసా రుసుము మినహాయింపుతో పాటు పెట్రా, వాది రమ్ ప్రవేశాలు అందులోనే కలిసివస్తాయి. గైడుకు ఇచ్చే రుసుము మాత్రం దానిలో ఉండదు.

పెట్రాలో ప్రభుత్వ లైసెన్సు ఉన్న గైడునే పెట్టుకోవాలి, ఉదయం ఆరింటికి గేటు తెరిచే వేళకే కలుద్దామని ముందు రోజే ఖాయం చేసుకోవాలి. ఆ వేళకు గుంపులు ఇంకా చేరవు, ఎండ ముదరదు. గైడుకు ముందే చెప్పవలసిన మాట ఒకటుంది: నేరుగా ఖజ్నే అనే, కొండరాతిలో చెక్కిన ప్రసిద్ధ కట్టడం దగ్గరికి తీసుకుపోవద్దు, సిక్ మొదట్లో ఉన్న కట్ట దగ్గర పది నిమిషాలు ఆపండి. సిక్ అంటే రెండు కొండల మధ్య దాదాపు 1.2 కిలోమీటర్ల పొడవున సాగే ఇరుకైన రాతిచీలిక. వాన పడితే వాగునీళ్లన్నీ అందులోకే దూకుతాయి గనుక, నబతీయులు దాని మొగలో అడ్డుకట్ట వేసి, పక్క కొండలో 80 మీటర్లకు పైగా సొరంగం తొలిచి వరదను వేరే లోయలోకి తిప్పేశారు. ఆ ఏర్పాటు కాలక్రమంలో పాడైపోయింది. 1963 ఏప్రిల్‌లో వచ్చిన ఆకస్మిక వరదలో సిక్‌లో ఉన్న ఫ్రెంచి యాత్రికులు ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత పాత కట్ట స్థానంలోనే మళ్లీ కట్ట కట్టారు. రెండు వేల ఏళ్ల కిందటి ఇంజినీర్ల లెక్క ఎంత గట్టిదో అర్థం కావడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

సిక్ లోపల నడిచేటప్పుడు చూపు పైకి పోవడం సహజమే, కానీ నడుము ఎత్తులో గోడల వెంట కూడా చూడాలి. ఒక గోడ వెంట రాతిలో తొలిచిన కాలువ, రెండో గోడ వెంట మట్టిగొట్టాలు పరిచిన కాలువ సాగుతూ ఉంటాయి. గొట్టపు ముక్కలు కొన్నిచోట్ల ఇప్పటికీ సున్నపు పూతతో అంటుకునే ఉన్నాయి. దారి కొంత వెడల్పయిన చోట ఒంటెల బిడారు శిల్పం ఒకటుంది. పైభాగమంతా అరిగిపోయి, ఒంటెల కాళ్లు, తోలేవాడి పాదాలు, అతడి వస్త్రపు అంచు మాత్రమే మిగిలాయి. శిల్పం వెనకగా నీటికాలువ ఎలా పోయిందో గైడు వేలితో గీసి చూపిస్తే గాని కంటికి ఆనదు. పెద్ద గుంపులో వెనక వరుసలో ఉన్నవారికి ఇలాంటివి ఎన్నటికీ కనిపించవు, గుంపు ఆరుగురికి మించకూడదని నేను చెప్పేది ఇందుకే.

దాదాపు 40 మీటర్ల ఎత్తున్న ఖజ్నే ముఖద్వారం గురించి ఎవరైనా చెబుతారు. దాని శిఖరాన ఉన్న రాతి కలశంలో నిధి ఉందని నమ్మి స్థానికులు కాల్చిన తూటాల గుర్తులు చూపించమని అడిగితే చాలు. కలశం లోపలంతా ఒకటే రాయి. ఎనిమిది వందల మెట్ల పైనున్న దైర్ అనే మరో రాతికట్టడాన్ని రెండో రోజు మధ్యాహ్నం తర్వాతకు పెట్టుకోవడం మంచిది, అప్పుడు ఎండ దాని ముఖం మీద పడుతుంది. పెట్రా గుహల్లో తరతరాలుగా కాపురమున్న బదూల్ తెగవారిని 1985 ప్రాంతంలో దగ్గరలోని ఉమ్మ్ సైహూన్ గ్రామానికి తరలించారు. ఆ తెగ పెద్దవారెవరైనా కలిసి టీ ఇస్తే, తొందరపడకుండా కూర్చోవాలి. వాననీటి తొట్లు ఏ గుహలో ఉన్నాయో, వేసవిలో ఏది ముందు ఎండేదో అనుభవించి చెప్పగలిగేది వారే.

వాది రమ్‌లో ఎంపిక మరికాస్త చిక్కు. వాది అనే అరబ్బీ మాటకు మన వాగుకు దగ్గరి అర్థమే ఉంది, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే లోయ అని. ఇక్కడ క్యాంపు నడిపేవారే వాహనమూ, గైడునూ ఇస్తారు. అద్దాల బుడగల గుడారాల ప్రకటనలు చూసి మోజుపడేముందు, క్యాంపు రక్షిత ప్రాంతం లోపల ఉందా, బయట రోడ్డు పక్కన ఉందా అని సూటిగా అడగాలి. వాహనం నడిపేది రమ్ గ్రామపు జలాబియా తెగవారా, ఒక్కో బండిలో ఎంతమందిని ఎక్కిస్తారు అన్నవి తర్వాతి ప్రశ్నలు. వెనక బల్లలు వేసిన పికప్‌లో ఆరుగురు హాయిగా కూర్చోవచ్చు. రెండో బండి పెడితే అందులోనివారికి మొదటి బండి దుమ్మే గాని గైడు మాట అందదు.

ఇక్కడ కూడా కార్యక్రమంలో నీటిబుగ్గ ఒకటి ఉండాలని పట్టుబట్టాలి. రమ్ గ్రామానికి దగ్గరలోని ఐన్ షలాలా బుగ్గ దగ్గర ఎడారి రహస్యం ఒక్క చూపులో బోధపడుతుంది. పైనున్న ఇసుకరాయి వాననీటిని పీల్చుకుంటుంది. కింద ఉన్న గ్రానైటు దాన్ని ఇంకనివ్వదు. ఆ రెండూ కలిసే గీత వెంబడి నీరు ఊరుతుంది. కొండ వాలు మీద పచ్చని మొక్కలు ఒకే మట్టంలో వరుసగా కనిపిస్తే ఆ గీత అదేనని పోల్చుకోవచ్చు. నబతీయులు ఈ నీటిని కాలువ గుండా కిందికి తెచ్చుకున్నారు, బండల మీద తమ రాతలు వదిలివెళ్లారు. ఖజాలీ అనే కొండచీలికలో థముదిక్ అనే ప్రాచీన అరేబియా లిపి శాసనాలు, మనుషుల, జంతువుల బొమ్మలు ఉన్నాయి. వాది రమ్ మొత్తం మీద ఇలాంటి రాతిబొమ్మలు 25,000, శాసనాలు 20,000 ఉన్నాయని 2011లో యునెస్కో జాబితాలో చేరినప్పుడు లెక్కచెప్పారు. వాటిని వేలితో తాకకూడదు, చేతి చెమట కూడా ఇసుకరాతిని తినేస్తుంది.

వెళ్లేందుకు మార్చి నుంచి మే వరకు, అక్టోబరు, నవంబరు నెలలు అనుకూలం. ఇవే నెలల్లో ఆకస్మిక వరదలూ వచ్చే వీలుంది గనుక, మబ్బు పట్టిందని గైడు ఒక చీలికలోకి వద్దంటే వాదించకూడదు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీరు, రాత్రి చలికి ఉన్ని దుస్తులు, భుజాలూ మోకాళ్లూ కప్పే వదులు బట్టలు సరిపోతాయి. నగదు అఖబా రేవుపట్టణంలో గాని వాది మూసాలో గాని తీసుకుని వెళ్లాలి. పాత నాణేలు, కుండపెంకులు అమ్మజూపితే కొనకూడదు. జోర్డాన్‌లో పురావస్తువుల వ్యాపారం చట్టరీత్యా నిషిద్ధం.

చివరి రోజు ఉదయం బండి వద్దని, కాలినడకన తీసుకువెళ్లమని గైడును అడగాలి. రాత్రి తిరిగిన నక్క, బల్లి, పేడపురుగు జాడలు ఇసుక మీద అచ్చుగుద్దినట్టు ఉంటాయి, ఏది ఎటు పోయిందో అతడు చదివి చెబుతాడు. గాలి లేచినా, మొదటి జీపు కదిలినా అవి చెరిగిపోతాయి. కాబట్టి ఐదున్నరకే బయలుదేరుతామని ముందు రాత్రి భోజనం దగ్గరే క్యాంపులో చెప్పి ఉంచితే, ఆ వేళకు టీ సిద్ధంగా ఉంటుంది.