తెలుగు సైట్‌లో సెర్చ్ సరిగ్గా రావాలంటే ఏం చేయాలి?

వంటల సైట్‌లో "గోంగూర పచ్చడి" అని వెతికితే మొదట కొబ్బరి పచ్చడి వస్తుంది, దాని కింద టమాటా పచ్చడి, గోంగూర ఎక్కడో పదో స్థానంలో ఉంటుంది. ఇలాంటి సైట్లు చాలా సరిచేశాను. వెళ్లిన ప్రతిచోటా "ర్యాంకింగ్ ఫార్ములా మార్చాలండీ" అంటారు. ఫార్ములా జోలికి వెళ్లకండి, అది బాగానే ఉంది. దాని చేతికి అందే మాటలే ముక్కలై ఉంటున్నాయి.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. మీ వ్యాసాలున్న డేటాబేస్, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ (అందులో ఎఫ్‌టీఎస్5 అనే వెతుకులాట భాగం ఉంటుంది), మీ సైట్‌లో జనం నిజంగా టైప్ చేసిన ఓ యాభై ప్రశ్నలు. కొన్ని వేల పేజీల సైట్‌కి ఇంతకంటే సరంజామా అక్కర్లేదు.

1. ఇండెక్స్ కట్టండి

పాఠ్యపుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిదే ఇది. ఏ మాట ఏ పేజీల్లో ఉందో ముందే రాసి పెట్టుకోవడం. శీర్షిక, కావలసిన పదార్థాలు, తయారీ, ఈ మూడూ వేరువేరు కాలమ్స్‌గా పెట్టండి. డేటాబేస్‌లో లైక్ (మాట మధ్యలో తగిలినా పట్టేసే ఆదేశం) వాడి వెతికే పద్ధతి ఈరోజే మానేయండి, అందులో "కారం" అంటే సహకారం, మమకారం కూడా వచ్చి కూర్చుంటాయి. పైగా ఏది ముందు, ఏది వెనక అన్నది దానికి తెలియదు.

2. మార్కులు ఎలా పడతాయో ఒకసారి చూడండి

అరుదైన మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలన్న లెక్కను కేరెన్ స్పార్క్ జోన్స్ 1972లో చెప్పారు. దాని మీద స్టీఫెన్ రాబర్ట్‌సన్ వాళ్లు లండన్ సిటీ యూనివర్సిటీలో 1990లలో బీఎం25 అనే ర్యాంకింగ్ ఫార్ములా తయారు చేశారు, ఇప్పటికీ చాలా సెర్చ్‌లు నడిచేది దాని మీదే. మీ దగ్గర 1000 వంటలు ఉన్నాయనుకోండి. "కూర" 600 పేజీల్లో, "గోంగూర" 12 పేజీల్లో ఉంటే, కూరకు దాదాపు సున్నా, గోంగూరకు దాదాపు 4.4 విలువ పడుతుంది. ఒకే మాటను సగటు పొడవున్న పేజీలో పదిసార్లు రాసినా మార్కు రెట్టింపు దాటదు, కాబట్టి శీర్షిక నిండా "గోంగూర గోంగూర" అని కుక్కితే లాభం లేదు. పేజీ పొడవును కూడా ఇదే చూసుకుంటుంది. ఒక్క జాగ్రత్త: ఎఫ్‌టీఎస్5 ఈ మార్కును మైనస్ అంకెగా ఇస్తుంది, అంటే చిన్న అంకె ముందు రావాలి. తిరగేసి పేర్చి, పనికిరాని పేజీలను పైన చూపించిన సైట్లు నాకు రెండు తగిలాయి.

3. మాటలను విడగొట్టడం, అసలు పని ఇదే

ఇక్కడ తొందరపడకండి. ఎఫ్‌టీఎస్5 మామూలు సెట్టింగ్‌లో హల్లులను అక్షరాలుగా చూస్తుంది కానీ గుణింతాలనూ సున్నానూ అక్షరాలుగా చూడదు, వాటి దగ్గర మాటను తెంపేస్తుంది. అంటే "కూర" అన్నది దానికి "క", "ర" అనే రెండు ముక్కలు. "కారం" కూడా అంతే, "కీర" కూడా అంతే, "చక్కెర"లోనూ క పక్కన ర ఉంది. కూర అడిగితే చక్కెర పొంగలి ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసిందా? టోకెనైజర్ (మాటలను విడగొట్టే భాగం) సెట్టింగ్‌లో కేటగిరీస్ అనే చోట గుణింతాలూ సున్నా వచ్చే ఎంఎన్, ఎంసీ అనే రెండు రకాలను చేర్చండి. ఒక్క వరుస మార్పు. ఇది చేయకుండా మరేదీ ముట్టుకోవద్దు.

తర్వాత, కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. "ఫ్రిజ్‌లో" అని రాసేటప్పుడు జ్‌కీ లో‌కీ మధ్య చాలా కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. వెతకడానికి ఇచ్చే ప్రతిలోంచి దాన్ని తీసేయండి. పేజీలో చూపించే పాఠంలో మాత్రం ఉండనివ్వండి, లేకపోతే చదవడానికి వికారంగా ఉంటుంది.

ఇక విభక్తులు. గోంగూరతో, గోంగూరను, గోంగూరలో అని మనం రాస్తాం, వెతికేవాళ్లు "గోంగూర" అని కొడతారు. చివరి ముక్క కోయాల్సిందే, కానీ కళ్లు మూసుకుని కోయకూడదు. "లో" కోసేశామని సంబరపడితే ప్రతి వంటలోనూ ఉండే "కిలో" కాస్తా "కి" అవుతుంది. "లు" కోస్తే "పాలు" కాస్తా "పా". అందుకే కోశాక కనీసం రెండక్షరాలు మిగలాలన్న నియమం పెట్టండి. అయినా "నువ్వులు" కోస్తే "నువ్వు" మిగులుతుంది, "నువ్వు ఎప్పుడైనా తిన్నావా" అని మొదలయ్యే పేజీలన్నీ నువ్వుల పొడి కింద చేరతాయి. ఇలాంటివాటికి చేత్తో ఒక మినహాయింపుల జాబితా రాసుకోండి. పాలు, పాల, పాలతో ఒకటేనని, చేపలు, చేపల ఒకటేనని అందులోనే చెప్పండి. చివరి "ల"ను మాత్రం ఎప్పుడూ గుడ్డిగా కోయొద్దు.

లూసీన్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు స్టెమ్మర్ (మాటల చివరి ముక్కలు కోసే భాగం) ఉంది కదా, అది వాడొచ్చుగా అని అడుగుతారు. వంటల సైట్‌కి చేతి జాబితానే పెట్టాలి. ఏ మాట ఎందుకు కోతకు గురైందో రేపు మీరే వెతుక్కోవాలి, జాబితా అయితే ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. పైగా సొరకాయ, ఆనపకాయ ఒకటేనని, ఉల్లిపాయ, ఉల్లిగడ్డ ఒకటేనని, పల్లీలు, వేరుశనగలు ఒకటేనని స్టెమ్మర్ చెప్పదు. "గోంగూరపచ్చడి" అని కలిపి రాసిన శీర్షికలను విడదీయడమూ దాని పని కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, పేజీలకు చేసిన ఈ శుభ్రమంతా వెతికేవాళ్లు టైప్ చేసిన మాటకూ అచ్చంగా అలాగే చేయాలి. ఒకసారి నేను ఇండెక్స్‌కు చేసి ప్రశ్నకు చేయడం మర్చిపోయాను, తెల్లవారేదాకా ఫలితాలు సున్నా, టెన్షన్‌తో నిద్ర లేదు. రెండు చోట్లా ఒకే ఫంక్షన్ పిలవండి. అది మార్చిన ప్రతిసారీ ఇండెక్స్ మొత్తం మళ్లీ కట్టండి.

4. బరువులు, పరీక్ష

మాట ఏ కాలమ్‌లో దొరికితే ఎంత లెక్కించాలన్నదే బరువు. శీర్షికకు 5, పదార్థాలకు 2, తయారీకి 1. అంతే. వంటలకు తేదీ బరువు కలపకండి, నిన్న రాసిన పులిహోర పాత పులిహోర కంటే గొప్పదేమీ కాదు.

ఆ యాభై ప్రశ్నలకూ ఏ పేజీ మొదట రావాలో ముందే కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే ఫలితాలు చూడండి. ఫలితం చూశాక రాస్తే వచ్చిందే సరైనదనిపిస్తుంది. ఏఐ సెర్చ్ పెట్టేద్దాం అనేవాళ్లకు కూడా ఈ కాగితమే చూపిస్తాను. అర్థం దగ్గరగా ఉన్నవాటిని తేవడం దాని పని, గోంగూర అడిగినవాళ్లకు తోటకూర కూడా దగ్గరే. పేరు పెట్టి అడిగినప్పుడు పేరున్నదే ముందు రావాలి.

ఇక ప్రతి సోమవారం సున్నా ఫలితాలు వచ్చిన ప్రశ్నలు తీసి చూడండి. ఒక సైట్‌లో ఎవరో వరసగా "రామ్ములక్కాయ పచ్చడి" అని వెతుకుతున్నారు. జాబితాలో టమాటా పక్కన ఆ మాట చేర్చడానికి నిమిషం కూడా పట్టలేదు.