వేడెక్కితే ఆగిపోయే పద్మిని: పాత కారు రోగాలు, వాటి మందులు

పాత కారు రోడ్డు మీద ఆగిందంటే అందరి చెయ్యీ ముందు పెట్రోలుని గాలితో కలిపే కార్బొరేటర్ మీదికే పోతుంది. పాపం, అది చాలాసార్లు ఏ నేరమూ చెయ్యదు. ఈ మాట నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికి రెండుసార్లు కార్బొరేటర్ కిట్టు మార్పించాను.

నాది 1978 ప్రీమియర్ పద్మిని. మా మామయ్య నెల్లూరులో నడిపిన బండి, ఇప్పుడు కోడంబాక్కంలో మా గేటు పక్క వేపచెట్టు కింద ఉంటోంది. పాత ఫియట్ 1100 వంశమే, 1089 సీసీ ఇంజను. బానెట్ ఎత్తితే ఇంజను పక్కనుంచి కింద నేల కనబడుతుంది, చెయ్యి పట్టని చోటంటూ ఉండదు. మద్రాసు ఎండకీ ఉప్పుగాలికీ దానికి వచ్చిన రోగాలే ఇక్కడ రాస్తున్నాను. అంబాసిడర్‌కీ, ఒకప్పుడు ఇక్కడే వండలూరు దగ్గర తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కీ కూడా చాలావరకు ఇవే వర్తిస్తాయి.

వేడెక్కాక ఆగిపోతుంది, అరగంట పోతే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది

కర్తరి ఎండల్లో నెల్లూరు వెళ్తుంటే గుమ్మిడిపూండి దాటాక నా బండి ఇలాగే ఆగింది. "వేపర్ లాక్", అంటే వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోయిందని నాకు నేనే తీర్పు చెప్పేసుకుని తడిగుడ్డతో కూర్చున్నాను. పక్క షెడ్డులోంచి వచ్చిన ముసలి మేస్త్రి మన తెలుగువాడే. "ముందు కరెంటు చూడాల సామీ, తర్వాతే పెట్రోలు" అన్నాడు.

ఆయన చేసింది మీరూ చెయ్యవచ్చు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యలో దిగే లావు వైరు ఊడదియ్యండి. రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో పట్టుకుని, దాని మొనని ఇంజను ఇనుముకి అరసెంటీమీటరు దూరంలో ఉంచి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. చుట్టుపక్కల పెట్రోలు తడి ఉంటే మాత్రం ఈ పని వద్దు. నిప్పురవ్వ నీలంగా, టక్కుటక్కుమని చప్పుడు చేస్తూ దూకితే కరెంటు బాగున్నట్టు. పసుపుగా, సన్నగా, వచ్చీ రానట్టు ఉంటే కండెన్సర్ గానీ, రవ్వకి వోల్టేజీ పెంచే కాయిల్ గానీ వేడికి చేతులెత్తేసినట్టు.

నా బండిలో రవ్వ పసుపుగా ఉంది. మూత తీస్తే, లోపల కరెంటుని కలిపి తెంచే పాయింట్లు నల్లబడి, ఒక ముఖం మీద గుంట, ఎదుటి ముఖం మీద చిన్న గుట్ట. కండెన్సర్ పోయిందనడానికి అదే సాక్ష్యం. పాయింట్లు కాలకుండా కాచే చిటికెన వేలంత డబ్బీ అది, ఒక్క స్క్రూతో బిగిస్తారు. అది మార్చి, పాయింట్ల మధ్య సందు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య పెట్టాక బండి మళ్ళీ నెల్లూరు దాకా నోరెత్తలేదు. అప్పటినుంచి డిక్కీలో ఒక కండెన్సరు, ఒక జత పాయింట్లు ఎప్పుడూ ఉంటాయి. కొత్తవాటికన్నా, ఏళ్ళతరబడి అట్టపెట్టెలో మగ్గిన పాత కంపెనీ సరుకు దొరికితే అదే కొంటాను. మద్రాసు జీపీ రోడ్డు స్పేర్ పార్టుల కొట్లలో ఓపిగ్గా అడగాలి. అక్కడ లేకపోతే పుదుపేట.

రవ్వ బాగుంటే అప్పుడు పెట్రోలుని అనుమానించండి. మెకానికల్ పంపు ఇంజనుకే అంటుకుని ఉంటుంది. దాని వేడికి పెట్రోలు ఆవిరైతే పంపు ఆ ఆవిరిని లాగలేదు. బానెట్ ఎత్తి, పంపు మీదా పైపు మీదా తడిగుడ్డ చుట్టి పావుగంట ఆగండి. శాశ్వతంగా పోవాలంటే పైపుని ఎగ్జాస్ట్ నుంచి దూరంగా తిప్పించి, మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టించాలి. పంపుకీ ఇంజనుకీ మధ్య వేడి దిగకుండా బేకలైట్ ముక్క ఒకటుంటుంది. రిపేరు చేసినవాళ్ళు కొందరు దాన్ని అనవసరమని పారేస్తారు, ఉందో లేదో చూసుకోండి.

ఇంకో రకం ఉంది. కాఫీకి ఆపి పది నిమిషాల్లో తిరిగొస్తే స్టార్ట్ కాదు, పెట్రోలు వాసన గుప్పుమంటుంది. ఇక్కడ పెట్రోలు తక్కువ కాలేదు, ఎక్కువైంది. కార్బొరేటర్ గిన్నెలో మరిగి ఇంజను లోపలికి కారింది. చోక్ లాగకండి, యాక్సిలరేటర్ పదేపదే తొక్కకండి. ఒక్కసారి పూర్తిగా నొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి.

బండి నిలబెట్టినా పెట్రోలు వాసన

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక ఇది ఎక్కువైంది. ఆ కాలపు రబ్బరు దానికి తట్టుకోదు. పైపు మెత్తబడి, ఉబ్బి, చివరికి పగులుతుంది. పంపు లోపలి పొర, డయాఫ్రమ్‌దీ అదే గతి. ఇథనాల్‌కి తట్టుకునే పైపులు, డయాఫ్రమ్ వేయించండి. ఇందులో మాత్రం పిసినారితనం పనికిరాదు, కింద వేడి ఎగ్జాస్ట్ ఉంది. ఇథనాల్ గాలిలోని తేమని కూడా పీల్చుకుంటుంది కాబట్టి టాంకులో అదే పెట్రోలు నెలల తరబడి ఉంచకండి.

సిగ్నల్ దగ్గర టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది, కదిలితే దిగుతుంది

రెండు కారణాలు. ఫ్యాను ఇంజనుతోనే తిరుగుతుంది, ఐడ్లింగ్‌లో నీరసంగా తిరుగుతుంది. కత్తిపారా కూడలి ట్రాఫిక్‌లో న్యూట్రల్‌లో పెట్టి కొంచెం రేజ్ చేస్తే సర్దుకుంటుంది. రెండోది మన చేతులారా చేసుకున్నది, బోరు నీళ్ళు. మా ఇంట్లో గీజర్‌కి పట్టే తెల్లపొరే రేడియేటర్ గొట్టాలకీ పడుతుంది. ఎదురుదిశలో నీళ్ళు కొట్టించి కడిగించి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ పొయ్యండి. ఫ్యాన్ బెల్టు వదులూ చూడండి. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పొద్దు. నా ముంజేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది.

ఐడ్లింగ్‌లో చార్జింగ్ ఎర్ర లైటు వెలుగుతుంది

డైనమో ఉన్న బండిలో ఇది రోగమే కాదు. తక్కువ స్పీడులో డైనమో చార్జింగ్ ఇవ్వదు. యాక్సిలరేటర్ తొక్కితే లైటు ఆరాలి. ఆరకపోతే బెల్టు, కార్బన్ బ్రష్‌లు, కటౌట్ (డైనమోని బ్యాటరీతో కలిపి విడదీసే రిలే), ఈ వరసలో చూడండి.

తుప్పు

ప్లాస్టిక్ కవరు తీసి అవతల పారెయ్యండి. తేమ లోపలే మగ్గుతుంది. నూలు కవరు వాడండి. తలుపుల అడుగున నీరు పోయే సన్న కంతలుంటాయి, వాటిని పుల్లతో శుభ్రం చెయ్యండి. బండి కొనేటప్పుడు మ్యాటు ఎత్తి స్క్రూడ్రైవర్ పిడితో నేలరేకుని తట్టండి. ఖంగుమంటే మంచిది, డొబ్ డొబ్ అంటే పైన రంగు, కింద పుట్టీ. 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులాంటి వాటిలో మునిగిన బండికి సెల్ఫ్ కొట్టనే వద్దు. సిలిండర్లో నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు ప్లగ్గులు ఊడదీసి నీళ్ళు పోనివ్వాలి.

కాగితాలు

పదిహేనేళ్ళు దాటాక ఆర్సీ ఐదేళ్ళకోసారి రెన్యువల్. యాభై ఏళ్ళు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం "వీఏ" అక్షరాలతో వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. కానీ అది తీసుకుంటే ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప రోడ్డెక్కకూడదు. 2028లో నా బండికి ఆ వయసొస్తుంది. నాకు మాత్రం ఆ నంబరు వద్దు.

బ్రేకు ఒక పక్కకి లాగుతుంది

నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది, సముద్రం పక్క ఊళ్ళో మరీను. వాడకుండా ఉంచిన బండిలో వీల్ సిలిండర్ లోపల తుప్పు పట్టి పిస్టన్ బిగుసుకుంటుంది. పాత బండ్లలో చాలావాటికి బ్రేకు లైను ఒక్కటే, ఒకచోట కారితే నాలుగూ పోయినట్టే. అందుకని ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాల్సిందే.

బిగుసుకున్న చక్రం బ్రేకు వదలక వేడెక్కుతుంది, అది ఏదో తెలియడానికి పరికరం అక్కర్లేదు. ఆదివారం అయిదున్నరకి బండి తీసి, స్టీరింగ్ పక్కనుండే హ్యాండ్ గేరు మూడులోంచి నాలుగులోకి లాగి మెరీనా పక్కన సాఫీగా తిరువాన్మియూరు దాకా పోతాను. వారానికోసారి ఇంత నడిస్తే పైన రాసిన సగం రోగాలు దగ్గరికి రావు. తిరిగొచ్చేటప్పుడు మైలాపూర్‌లో కాఫీకి ఆగి, దిగగానే నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి చూస్తాను, తాకకుండానే. పోయిన వారం వెనక ఎడమది మిగతా మూటికన్నా సెగగా ఉంది. ఈ ఆదివారం షికారు లేదు, ఆ డ్రమ్ము విప్పాలి.