నడుము పాఠాలు – 4: కటి ఒరిగితే డిస్కు మీద ఏం జరుగుతుంది?

క్రితం పాఠంలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు నిర్మాణం చూశాం: లోపల మెత్తని గుజ్జు, చుట్టూ పొరలుపొరలుగా గట్టి నారల వలయం. చాలామంది డిస్కు ‘జారింది’ అంటారు. నిజానికి అది పై పూసకూ కింది పూసకూ గట్టిగా అతుక్కుని ఉంటుంది, జారడానికి వీలే లేదు. వలయం బలహీనపడిన చోట గుజ్జు ఉబ్బుతుంది, లేదా చీలిక గుండా బయటికి వస్తుంది. ఈ మాట సరిగ్గా అర్థమైతే సగం భయం తగ్గుతుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను.

ఇక పునాది సంగతి. నడుములోని 5 పూసలూ త్రికాస్థి (వెన్ను అడుగున ఉండే ముక్కోణపు ఎముక) మీద నిలుస్తాయి. త్రికాస్థి రెండు కటి ఎముకల నడుమ బిగుసుకుని ఉంటుంది. ఈ మొత్తం ఎముకల గూడునే ఇక్కడ కటి అంటున్నాను. కటి పై అంచు ముందుకు ఒరిగితే నడుము లోపలి వంపు పెరుగుతుంది. వెనక్కి ఒరిగితే ఆ వంపు చదునవుతుంది. అప్పుడు డిస్కు ముందు అంచు నొక్కుకుని, గుజ్జు వెనక్కి ఒత్తుతుంది, వెనుక నారలు సాగుతాయి. నరాలు ఉన్నది ఆ వైపే. నడుములో గుజ్జు బయటికి వచ్చే సందర్భాల్లో చాలా భాగం కింది రెండు డిస్కుల్లోనే, అంటే కటికి దగ్గరగానే కనిపిస్తుంది.

అయితే కటి ఏ కోణంలో ఉంటే మంచిది? అందరికీ సరిపోయే ఒకే కోణం లేదు. త్రికాస్థికీ తుంటి కీళ్లకూ మధ్య ఎముకల అమరికను తెలిపే ఒక కోణాన్ని 1992లో ఫ్రాన్స్ పరిశోధకులు వివరించారు. పెద్దయ్యాక అది దాదాపు మారదు, మనిషికీ మనిషికీ మాత్రం చాలా తేడా ఉంటుంది. కటి కాస్త ముందుకు ఒరిగి ఉండి కూడా ఏ నొప్పీ లేనివారు ఎందరో ఉన్నారు. కాబట్టి అద్దం ముందు నిలబడి ‘నా కటి వంకరగా ఉంది’ అని దిగులు పడకండి. మనం నేర్చుకోవలసింది కటిని కదిలించడం.

మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి వెల్లకిలా పడుకోండి. మణికట్లు తుంటి ముందరి ఎముకల మీద, వేళ్ల కొసలు పొత్తికడుపు కింది ఎముక మీద ఉంచండి. నెమ్మదిగా నడుము నేలకు ఆనేలా కటిని ఒరగనివ్వండి. వేళ్లు పైకి లేస్తాయి. తర్వాత నడుము కింద ఖాళీ పెరిగేలా రెండో వైపు ఒరగనివ్వండి. వేళ్లు కిందికి దిగుతాయి. ఊపిరి బిగబట్టకుండా పదిసార్లు చేయండి. ప్రతిసారీ కదలికను కొంచెం తగ్గిస్తూ, ఏ వైపూ లాగుడు లేని చోట ఆగండి. ప్రస్తుతానికి మీ మధ్యస్థానం అదే. ఏ వైపు ఒరిగినా కాలిలోకి నొప్పి పాకితే ఆ వైపు వదిలేయండి.

దీన్ని వంగడంలోకి తేవడమే అసలు కష్టం. ఒక పొడవాటి కర్రను వీపు వెంబడి నిలువుగా పట్టుకోండి. తల వెనుక, భుజపుటెముకల మధ్య, త్రికాస్థి మీద, ఈ మూడు చోట్లా అది తాకాలి. మోకాళ్లు కొద్దిగా సడలించి, పిరుదులను వెనక్కి నెడుతూ తుంటి దగ్గర వంగండి. మూడింటిలో ఏదైనా వదిలితే వెన్ను వంపు మారిందన్న మాట. అక్కడే ఆగి వెనక్కి రండి. తొడ వెనుక కండరాలు బిగుసుగా ఉన్నవారికి ఆ హద్దు త్వరగా వస్తుంది. తొందరపడకండి, మోకాళ్లు ఇంకొంచెం మడిస్తే హద్దు కాస్త జరుగుతుంది.

నిద్ర లేచిన వెంటనే ఈ సాధన వద్దు. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని బిగువుగా ఉంటాయి, వంగితే వలయం మీద ఒత్తిడి ఎక్కువ. ఒక గంట ఆగండి.

ఇప్పటికే సయాటికా (నడుము దగ్గర నరం నొక్కుకుని కాలిలోకి పాకే నొప్పి) ఉంటే ఒక గుర్తు గమనించండి. నొప్పి పిక్క నుంచి తొడకూ, తొడ నుంచి నడుముకూ పైకి వస్తుంటే సాధారణంగా మంచి సూచన. కిందికి దిగుతుంటే ఆపండి. మర్మాంగాల చుట్టూ తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, కాలు బలహీనపడడం కనిపిస్తే పాఠాలు పక్కన పెట్టి అదే రోజు, ఆలస్యం లేకుండా, ఆసుపత్రికి వెళ్లండి.

ఈ వారం రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు సాధన చేయండి. కర్ర ఏ చోట ముందుగా వదులుతుందో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో కూర్చోవడం గురించి మాట్లాడేటప్పుడు ఆ కాగితం కావాలి.