కీమో ఇబ్బందులు: ఏ మందు, ఎన్నో రోజు?

పెద్దపేగు క్యాన్సర్‌కి కీమో మొదలైన కొత్తలో నేను ఏం చెప్పుకున్నా చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర ఒకటే జవాబు: "కీమో అన్నాక ఇవన్నీ మామూలే." కాబోలనుకుని రెండు సైకిళ్లు, అంటే రెండు విడతల మందు, పంటి బిగువున లాక్కొచ్చాను. మూడోసారి వెళ్లినప్పుడు నర్సు రెండే ప్రశ్నలు వేసింది. ఏ మందు ఎక్కింది? ఎన్నో రోజు ఇలా అయింది? రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రమే ఓ నోటుపుస్తకం తెరిచాను. విరేచనాలే తీసుకోండి, మొదటి రోజు వచ్చినవాటికి ఒక మందు, ఐదో రోజు వచ్చినవాటికి ఇంకో మందు. తేదీ తెలియకపోతే డాక్టరు కూడా ఊహించాల్సిందే.

ముందు మీ మందు పేరు చూసుకోండి, కాగితం మీద ఉంటుంది. ఫోల్‌ఫాక్స్ అంటే ఆక్సాలిప్లాటిన్, ల్యూకోవోరిన్, 5-ఎఫ్‌యూ. రెండు వారాలకోసారి, చివర్లో 5-ఎఫ్‌యూని 46 గంటలపాటు నెమ్మదిగా ఎక్కించే పంపు. కేపాక్స్ అంటే ఆక్సాలిప్లాటిన్ ఒక రోజు ఎక్కించి, 14 రోజులు కాపెసిటబిన్ మాత్రలు, 7 రోజులు విరామం. ఫోల్‌ఫిరిలో ఆక్సాలిప్లాటిన్ బదులు ఇరినోటెకాన్ ఉంటుంది.

జ్వరం, లేదా జ్వరం లేకుండానే వణుకు

కీమో ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్, బాగా పడిపోతాయి. అప్పుడు ఇన్ఫెక్షన్ వస్తే అడ్డుకునేవాళ్లు ఒంట్లో ఉండరు. కొలత 100.4 ఫారెన్‌హీట్ (38 సెల్సియస్) దాటినా, జ్వరం లేకుండానే వణుకు వచ్చినా, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. రక్తపరీక్ష చేసి నరానికి యాంటీబయాటిక్ ఎక్కిస్తారు, గంటలోపే మొదలుపెట్టాలని చూస్తారు. పారాసిటమాల్ వేసుకుని పొద్దున చూద్దామనుకోవద్దు. మాత్ర కొలతను దించుతుంది, లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది. థర్మామీటరు ముందు, మాత్ర తర్వాత. అక్కడికి వెళ్లగానే మొదటి మాటగా "నేను కీమో మీద ఉన్నాను" అని చెప్పండి. లేకపోతే మామూలు జ్వరాల వరసలో కూర్చోబెట్టేస్తారు.

చల్లటిది తాకితే కరెంటు కొట్టినట్టు

ఇది ఆక్సాలిప్లాటిన్ పని. ఫ్రిజ్ తలుపు పిడి పట్టుకోగానే నా వేళ్ల కొసల్లో సూదులు దిగాయి. తిండి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే దవడ బిగుసుకుపోయి, రెండో ముద్దకి మామూలైపోయింది. ఈ మందు నరాల్ని చలికి అతిగా స్పందించేలా చేస్తుంది. ఎక్కించిన గంటల్లోనే మొదలై, చాలామందికి కొన్ని రోజుల్లో తగ్గుతుంది. అన్నాళ్లూ నీళ్లు గోరువెచ్చగా తాగాలి, ఫ్రిజ్ తీసేముందు చేతికి గ్లౌజు ఉండాలి, చల్లగాలిలో ముక్కూ నోరూ కప్పుకోవాలి.

భయపెట్టేది గొంతు. చల్లటి గాలో నీళ్లో తగిలితే గొంతు పట్టేసి ఊపిరి అందనట్టు ఉంటుంది. ఇది నరాల పట్టు, గాలిదారి మూసుకుపోదు. వెచ్చటి నీళ్లు గుటక వేస్తూ నెమ్మదిగా ఊపిరి తీస్తే వదులుతుంది. అయితే మందు ఎక్కుతుండగా దురద, దద్దుర్లు, మొహం వాపు, పిల్లికూతలు కనిపిస్తే అది చలి వల్ల కాదు, అలర్జీ. ఆక్సాలిప్లాటిన్ అలర్జీ మొదటిసారే రావాలని లేదు, ఎన్నో సైకిళ్లు సాఫీగా గడిచాక కూడా వస్తుంది. వెంటనే నర్సుని పిలవండి.

నోటిపూత, మింగలేకపోవడం

5-ఎఫ్‌యూ, కాపెసిటబిన్ నోటి లోపలి పొరని పలచబరుస్తాయి. మెత్తటి బ్రష్షు వాడండి, స్పిరిట్ ఉన్న మౌత్‌వాష్ మానేయండి. ఉప్పూ వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లతో రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించండి. ఇక్కడో చిక్కుంది. 5-ఎఫ్‌యూ గబగబా ఎక్కిస్తున్నప్పుడు ఐసు ముక్కలు చప్పరిస్తే పూత తగ్గుతుందని చాలా చోట్ల చదువుతారు. మాట నిజమే, కానీ ఆక్సాలిప్లాటిన్ కూడా ఎక్కేవాళ్లకి ఆ సలహా పనికిరాదు. అదే ఐసు గొంతుని పట్టేస్తుంది. పక్క మంచంవాళ్లకి మేలు చేసింది మీకు చేయకపోవచ్చు.

నీళ్లు కూడా మింగలేకపోతే ఇంట్లో ఉండే దశ దాటినట్టే.

విరేచనాలు

ఇరినోటెకాన్ ఎక్కిన 24 గంటల్లోపు కడుపులో మెలిపెట్టడం, చెమట, కళ్లలో నీళ్లు, నోట్లో లాలాజలం ఊరడం, వాటితోపాటు విరేచనాలు వస్తే అది నరాల ద్వారా జరిగే పని. అట్రోపిన్ ఇంజెక్షన్‌తో చాలావరకు కట్టుబడుతుంది. 24 గంటల తర్వాత మొదలయ్యేది వేరు. పేగు పొరే దెబ్బతిని నీళ్లు పీల్చుకోలేకపోతుంది. దానికి లోపెరమైడ్ వాడతారు. మోతాదు ఎంతో, ఎన్ని గంటలకోసారో ఇంటికి వచ్చేముందే రాయించుకోండి. జ్వరం గానీ రక్తం గానీ ఉంటే మాత్రం అడగకుండా వేసుకోకండి.

లెక్క కూడా చెప్పాలి. మామూలుకంటే రోజుకి నాలుగుసార్లు ఎక్కువైనా, నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వచ్చినా ఫోన్ చేయాల్సిందే. కాపెసిటబిన్ మింగుతున్నవాళ్లు ముందు మాత్ర ఆపి తర్వాత ఫోన్ చేయాలి. ఆపేస్తే క్యాన్సర్ పెరుగుతుందన్న భయంతో మింగుతూ పోవడమే అసలు ప్రమాదం. ఈలోగా ఓఆర్ఎస్ గుక్క గుక్కగా తాగండి. చిన్నపేగు స్టోమా (మలం సంచీలోకి వచ్చేలా పొట్ట మీద పెట్టిన దారి) ఉన్నవాళ్లకి నీళ్లు ఇంకా త్వరగా పోతాయి, సంచీ ఎన్నిసార్లు ఖాళీ చేశారో, ఎంత వచ్చిందో రాసిపెట్టండి.

మొదటి సైకిల్లోనే, మొదటి కొన్ని రోజుల్లోనే విరేచనాలు, నోటిపూత, రక్తకణాలు పడిపోవడం అన్నీ కలిసికట్టుగా తీవ్రంగా వస్తే డీపీడీ అనే ఎంజైము లోపం ఉందేమో అనుమానించాలి. 5-ఎఫ్‌యూని విరిచి బయటికి పంపేది అదే. అది తక్కువైతే మామూలు మోతాదే విషమవుతుంది. దీనికి జన్యుపరీక్ష ఉంది, మొదలుపెట్టకముందే అడగండి. విరుగుడు మందు యూరిడిన్ ట్రైఅసిటేట్‌ని చివరి మోతాదు తర్వాత 96 గంటల్లోపు ఇవ్వాలి, కాబట్టి ఒక్క రోజు ఆలస్యం కూడా లెక్కలోకి వస్తుంది.

వికారం, మలబద్ధకం, నిద్ర పట్టకపోవడం

వాంతి మాత్ర వికారం వచ్చాక కాదు, రాకముందే వేసుకోవాలి. రెండు నుంచి ఐదో రోజు వరకు వచ్చే వికారాన్ని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. మలబద్ధకం చాలాసార్లు కీమో వల్ల కాదు, వాంతులకిచ్చే ఓండాన్‌సెట్రాన్ వల్ల. నిద్ర పట్టకపోతే, వాంతులు రాకుండా ఇచ్చే స్టీరాయిడ్ మాత్ర డెక్సామెథసోన్ ఎప్పుడు వేసుకుంటున్నారో చూడండి, రాత్రి మోతాదుని మధ్యాహ్నానికి మార్చవచ్చేమో అడగండి. ఆ మాత్ర ఆగిన మర్నాడు ఒళ్లు కుప్పకూలినట్టు ఉంటుంది. నాకు అది నాలుగో రోజు. కారణం తెలిశాక ఆ రోజు ఏ పనీ పెట్టుకోవడం మానేశాను.

అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండటం

కాపెసిటబిన్‌తో ఎక్కువ. మొదటి రోజు నుంచే యూరియా క్రీమ్ రాయండి, వేడినీళ్లకీ బిగుతు చెప్పులకీ దూరంగా ఉండండి. నడవడం, పట్టుకోవడం కష్టమైతే మాత్ర ఆపి ఫోన్ చేయండి, తగ్గాక మోతాదు కుదిస్తారు. మరిచిపోయిన మాత్రని తర్వాతి పూట కలిపి మింగొద్దు.

ఛాతీలో నొప్పి

5-ఎఫ్‌యూ, కాపెసిటబిన్ గుండె రక్తనాళాల్ని బిగించగలవు. గుండెజబ్బు లేనివాళ్లకీ వస్తుంది. గ్యాసేమోనని సరిపెట్టుకోకుండా మాత్ర ఆపి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. పంపు ఉంటే ఆపించాలి.

చలి లేకపోయినా తిమ్మిరి పోకపోవడం

మొదట్లో వచ్చి పోయే తిమ్మిరి వేరు, ఇది వేరు. ఆక్సాలిప్లాటిన్ మొత్తం మోతాదు పెరిగేకొద్దీ నరాలు మొద్దుబారతాయి. నాకు తెలిసింది చొక్కా గుండీ దగ్గర. వేళ్లకి గుండీ తగులుతోంది గానీ ఎక్కడుందో తెలియడం లేదు. ఇది డాక్టరుకి తప్పక చెప్పాలి, ఎందుకంటే అసలు చికిత్స మోతాదు తగ్గించడమో ఆక్సాలిప్లాటిన్ ఆపి మిగతావి కొనసాగించడమో. మూడో దశ పెద్దపేగు క్యాన్సర్ రోగులు 12 వేలమందికి పైగా పాల్గొన్న ఆరు ట్రయల్స్‌ని కలిపి చూసిన విశ్లేషణ 2018లో వచ్చింది. ఆరు నెలలకు బదులు మూడు నెలలే ఇస్తే ఈ తిమ్మిరి బాగా తగ్గింది. క్యాన్సర్ తిరిగొచ్చే ముప్పు తక్కువగా ఉన్నవాళ్లకి మూడు నెలల కేపాక్స్ దాదాపు అంతే ఫలితమిచ్చింది. మీరు ఏ కోవలోకి వస్తారో అడగండి.

నొప్పి కూడా ఉంటే డులాక్సెటిన్ కొందరికి పనిచేస్తుంది. మొద్దుబారడానికి నమ్మకంగా పనిచేసే మందు లేదు. పైగా కీమో ఆగిన తర్వాత కూడా కొన్ని నెలలు పెరిగి, ఆ తర్వాతే తగ్గుముఖం పట్టవచ్చు. అన్నాళ్లూ స్నానానికి దిగేముందు నీళ్ల వేడిని కాలితో కాకుండా మోచేత్తో చూడండి, రాత్రి లేస్తే దీపం వేసుకుని నడవండి. నేను ఇప్పటికీ గుండీలు పెట్టుకునేటప్పుడు అద్దం ముందు నిలబడతాను.