కీళ్ల మందు పరీక్షకు ముందు జాగ్రత్తలు

గరివిడి పశువైద్య కళాశాలకో, ఊళ్లో ఆసుపత్రికో వచ్చే కుంటి కుక్కల మీద, ఎద్దుల మీద మృదులాస్థిని (కీలులో ఎముకల చివర్లని కప్పి ఉండే నున్నటి పొర) కాపాడే మందు పరీక్షించాలంటే, సూది పట్టకముందే ఇవి చూసుకోండి.

☐ ఎథిక్స్ కమిటీ అనుమతి, యజమాని సంతకం. రైతుకి అర్థమయ్యేలా చెప్పాకే సంతకం.

☐ కుంటు తగ్గిందంటే మృదులాస్థి బాగుపడిందని కాదు. అందులో నరాలు ఉండవు. నొప్పి పుట్టేది చుట్టూ ఉన్న పొరల్లో, కింది ఎముకలో. మామూలు నొప్పి మాత్ర వేసినా నడక మారిపోతుంది. కాబట్టి పాత మందుల ప్రభావం పూర్తిగా పోయాకే తొలి కొలతలు. ఎక్స్‌రేలోనూ మృదులాస్థి కనబడదు, ఎముకల మధ్య ఖాళీ మాత్రమే తెలుస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

☐ ఎవరికి మందు, ఎవరికి సెలైన్ అన్నది చీటీలు తీసి తేల్చండి. నడకకి మార్కులు వేసేవారికి, యజమానికి చెప్పొద్దు.

☐ కీలులోకి సూది అంటే బొచ్చు గొరగడం, స్టెరైల్ గ్లవ్స్ తప్పనిసరి. చీము పడితే కీలే పోతుంది.

☐ దమ్ము రోజుల్లో ఎద్దుల్ని చేర్చుకోవద్దు. పొలం పనే లెక్కలన్నీ తారుమారు చేస్తుంది.

☐ మధ్యలో నొప్పి ఎక్కువైతే ఏ మందు ఇవ్వాలో ముందే రాసుకోండి. డైక్లోఫెనాక్ వద్దు, ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని 2006లోనే పశువులకి నిషేధించారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా 2023లో ఆ జాబితాలో చేరాయి.