తిమింగలం ఒడ్డుకొస్తే ముందు చీర తడపండి

మాది ఒడిశాలో గంజాం జిల్లా సోనాపురం, బాహుదా సంద్రంలో కలిసేచోటు. మా ఆయన తండేలు, అంటే పడవ నడిపే పెద్ద. నేను చేపల తట్టతో బరంపురం తిరిగినదాన్ని.

కొన్నేళ్ల కిందట నాలుగు బారల తిమింగలం పిల్ల మా ఒడ్డున పడింది, ఊపిరుండగానే. కుర్రాళ్లు మంచి మనసుతోనే తోకకి తాడేసి బోటుతో లాగారు. ఒకడు బిందెతో నీళ్లు తెచ్చి నేరుగా నెత్తిమీద కుమ్మరించాడు. పొద్దుగూకేసరికి చచ్చిపోయింది. తప్పు మాదే. తిమింగలానికి మొప్పలుండవు, ఊపిరితిత్తులే. ముక్కు నడినెత్తిన ఉంటుంది. ఆ వేళ దగ్గరగా చూశాను: కొలిమితిత్తిలా తెరుచుకుని బుస్సుమని, టక్కున మూసుకునేది. దాంట్లోకే మేం నీళ్లు పోశాం!

అందుకని, ఊపిరున్నది కనిపిస్తే తాడు తేకండి, పాత నూలుచీరలు తెండి. తడిపి ఒంటిమీద కప్పండి, ముక్కు మాత్రం వదిలేయండి. చీర ఆరనివ్వకండి. ఒంటినిండా కొవ్వు కదా, ఎండలో లోపల ఉడికిపోతుంది. పక్కకి ఒరిగి ముక్కులోకి కెరటం పోతుంటే మెల్లగా బోర్లా నిలపండి, రెక్కల కింద ఇసక తవ్వి గుంట చేయండి. తోకవైపు ఎవరూ నిలబడొద్దు, ఒక్క దెబ్బకి కాళ్లు విరుగుతాయి. దాని ఊపిరి మొహానికి తగలనివ్వకండి, రోగాలు అంటుకోవచ్చు. సెల్ఫీలోళ్లని తరమడానికి ఇద్దరు గట్టి ఆడోళ్లు చాలు.

ఈలోగా ఒడియా బాగా వచ్చినవాళ్లు ఫారెస్టోళ్లకి ఫోన్ చేయాలి. ఆ వేళ నేను చేసి, కంగారులో ‘బొడొ మాఛొ’ అన్నాను. పెద్ద చేపే కదా అని వాళ్లు తాపీగా వచ్చారు. ‘తిమి’ అనండి, బతికుందని చెప్పండి.

వేటలో వలకి తగిలితే వేరే లెక్క. తోక చూడండి. నీళ్లమీద పరిచినట్టు అడ్డంగా ఉంటే తిమింగలం, నిలువుగా ఉంటే సొర. చుక్కల పెద్ద సొర (వేల్ షార్క్) అయితే బోటులోకి ఎత్తకండి, తోకకి కట్టకండి, పక్కనుంచి వల కోసి వదిలేయండి. తిమింగలమైతే ఇంజను న్యూట్రల్‌లో పెట్టి దూరంగా ఉండండి, నీళ్లలోకి దూకొద్దు. జీపీఎస్ అంకెలు రాసుకుని కోస్ట్‌గార్డ్ 1554కి చెప్పండి. వల పోతే కడుపు మండుతుంది, నిజమే. మహారాష్ట్రలో ఇలా వదిలినవాళ్లకి 2018 నుంచి 25,000 దాకా పరిహారం ఉంది, ఫోటో సాక్ష్యం కావాలి. మనమూ వీడియో తీసి ఉంచుకుంటే అడగడానికి ఆధారం ఉంటుంది.

చచ్చినదాన్ని కోయకండి. లోపల గ్యాసు పట్టి పేలొచ్చు. పైగా తిమింగలాలూ ఆ చుక్కల సొరా 1972 చట్టంలో మొదటి షెడ్యూలువి, మూడు నుంచి ఏడేళ్ల జైలు. ‘తిమింగలం వాంతి’ (అంబర్‌గ్రిస్ అనే మైనంలాంటి ముద్ద) కోట్లు పలుకుతుందని తిరిగే బ్రోకర్లుంటారు, అది దగ్గరుంచుకున్నా కేసే. ఒకడు మా ఇంటికీ వచ్చాడు. మా అత్త కత్తిపీట ముందే కూర్చుని ‘ఏటి కావాల?’ అంది. మళ్లీ కనబడలేదు.